గుట్ట, చెరువు కంటికి దూరం కాకుండా కాలనీ ఇళ్ల యజమానులు రాసుకునే ఒప్పందం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ కాపురాల గుట్టకూ లతీఫ్ సాహెబ్ గుట్టకూ నడుమ పెరిగిన ఊరు. ఊరి పేరులోనే కొండ ఉన్నా, ఒకప్పుడు మిద్దె ఎక్కితే కనిపించిన గుట్ట ఇప్పుడు ఎదురింటి మూడో అంతస్తు వెనక దాగిపోయిందని చెప్పుకునేవారు చాలా కాలనీల్లో ఉన్నారు. పానగల్లు ఉదయసముద్రం కనిపించేలా ఇల్లు కట్టుకున్నవారిదీ, మహబూబ్‌నగర్ పెద్దచెరువు వైపు వరండా పెట్టుకున్నవారిదీ ఇదే బాధ. ఇటువంటి చోట్ల ఇళ్ల యజమానులు ఒకచోట కూర్చుని, ఎవరూ ఇంత ఎత్తుకు మించి కట్టరాదని తమలో తాము రాసుకునే ఒప్పందం గురించి పదేపదే ఎదురయ్యే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము. ఇవి న్యాయవాది సలహాకు బదులు కావు. ఆయన దగ్గరికి వెళ్లేముందు తెలిసి ఉండవలసిన సంగతులు.

మా ఇంటి నుంచి గుట్ట కనిపించడం మా హక్కు కాదా? ఇరవై ఐదేళ్లుగా చూస్తున్నాము కదా.

కాదు. ఎంతకాలం చూసినా, చూసినంత మాత్రాన ఆ దృశ్యం మీద హక్కు రాదు. 1610లో ఇంగ్లండులో తేలిన ఆల్డ్రెడ్ కేసులోనే, దృశ్యం మనసుకు ఆనందం కలిగించేదే తప్ప అవసరం కాదు కాబట్టి అది పోయిందని దావా వేయడానికి వీల్లేదని న్యాయమూర్తులు చెప్పారు. మన న్యాయస్థానాలు అనుసరించే సూత్రమూ అదే.

చాలామంది దీనిని గాలి, వెలుతురు హక్కుతో కలిపి పొరబడుతుంటారు. ఒక భవనానికి పక్క స్థలం మీదుగా వచ్చే గాలిని, వెలుతురును యజమాని ఇరవై ఏళ్లపాటు ఆటంకం లేకుండా, శాంతియుతంగా, హక్కుగా అనుభవించి ఉంటే చట్టం దానిని సౌకర్య హక్కుగా గుర్తిస్తుంది. అక్కడ కూడా కాస్త వెలుతురు తగ్గిందంటే సరిపోదు, ఇంట్లో మామూలుగా మసలుకోవడం కష్టమయ్యేంతగా తగ్గాలి. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం కట్టినవారు గర్భగుడిలోకి వెలుతురు ఎటు నుంచి వచ్చి నీడ ఎక్కడ పడాలో ముందే లెక్క వేసుకున్నారు. ఆ లెక్క కుదరడానికి కావలసిన స్థలమంతా వారి చేతిలోనే ఉంది. మన చూపు మాత్రం పరాయి ప్లాటు మీదుగా పోతుంది, కాబట్టి ఆ ప్లాటు యజమాని ఒప్పుకోవలసిందే.

అలా ఒప్పుకుని రాసిచ్చిన కాగితం న్యాయస్థానంలో నిలుస్తుందా?

సరిగా రాసుకుంటే నిలుస్తుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 40వ సెక్షను ఇందుకు ఆధారం. ఒకరు తమ స్థిరాస్తిని మరింత బాగా అనుభవించడం కోసం, ఇంకొకరి స్థలాన్ని ఫలానా విధంగా వాడుకోకుండా ఆపే హక్కు కలిగి ఉండవచ్చుననీ, ఆ సంగతి తెలిసి స్థలం కొన్నవారి మీద కూడా ఆ హక్కు పనిచేస్తుందనీ ఆ సెక్షను చెబుతుంది.

దీనికి మూలంగా అందరూ చెప్పుకునేది లండన్ నగరం నడిబొడ్డున ఉన్న లెస్టర్ స్క్వేర్ తోట. టల్క్ అనే ఆయన 1808లో ఆ తోటను అమ్ముతూ, అందులో కట్టడాలు కట్టకుండా ఖాళీగా, తోటగానే ఉంచాలని దస్తావేజులో రాయించాడు. చేతులు మారి మారి అది మాక్సే అనే ఆయనకు వచ్చింది. షరతు సంగతి తెలిసే కొన్న ఆయన, తాను స్వయంగా ఆ షరతుకు సంతకం పెట్టలేదు కాబట్టి కట్టుకుంటానన్నాడు. తెలిసి కొన్నవాడు షరతును తోసిపుచ్చి లాభపడడం న్యాయం కాదని 1848లో న్యాయస్థానం ఆపింది. ఆ తోట నేటికీ ఉంది.

ఇల్లు అమ్ముడైతే కొత్త యజమాని కూడా కట్టుబడతాడా?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. షరతు సంగతి తెలియకుండా, పూర్తి ధర చెల్లించి కొన్నవారి మీద ఆ షరతు పనిచేయదని అదే 40వ సెక్షను చెబుతుంది. కాలనీ సమావేశంలో తీర్మానం పుస్తకంలో రాసి సంతకాలు చేయించుకోవడం, వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించి బీరువాలో పెట్టుకోవడం మన దగ్గర మామూలే. సంతకం పెట్టినవారి మీద అవి కొంతవరకు పనిచేయవచ్చు గాని, వారి దగ్గర కొన్న మనిషికి ఆ బీరువా సంగతి తెలిసే దారి లేదు.

కాబట్టి ఒప్పందాన్ని సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో రిజిస్టరు చేయించండి. ప్రతి ప్లాటు నంబరు, సర్వే నంబరు, గజాలు, నాలుగు హద్దులు షెడ్యూలులో రాయించండి. అలా చేస్తే రేపు కొనబోయేవారు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించినప్పుడు ఆ దస్తావేజు నంబరు అందులో కనబడుతుంది. కొనేవారి బ్యాంకు న్యాయవాది లింకు డాక్యుమెంట్లు అడిగినప్పుడు ఇదీ బయటికి వస్తుంది. తర్వాత జరిగే ప్రతి అమ్మకం దస్తావేజులోనూ ఈ ఒప్పందాన్ని ఒక వాక్యంలో ప్రస్తావించాలని ఒప్పందంలోనే రాసుకుంటే మరీ మంచిది. రిజిస్ట్రేషను ఖర్చుకు వెనుకాడి ఈ ఒక్క పని మానేసిన కాలనీకి, ఒప్పందం రాసుకోని కాలనీకి పెద్ద తేడా ఉండదని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. కొన్నవారిని కూడా కట్టిపడేసేవి చేయరాదు అనే షరతులే, చేయాలి అనే షరతులు కావు. పది మీటర్లకు మించి కట్టరాదన్న షరతు ప్లాటును అంటిపెట్టుకుని ఉంటుంది. నెలనెలా సంఘానికి చందా కట్టాలన్నది అలా ఉండదు. దాని కోసం కొత్త యజమానిని సంఘంలో సభ్యుడిగా చేర్చుకుని వేరుగా సంతకం తీసుకోవాలి.

మాది ఇంకా ప్లాట్లు అమ్ముతున్న వెంచరు. అమ్మేవారే ఈ షరతు పెట్టవచ్చా?

పెట్టవచ్చు, పెట్టించుకోవడానికి అంతకన్నా మంచి సమయమూ లేదు. ఆస్తిని పూర్తిగా బదిలీ చేశాక దానిని ఇలాగే వాడుకోవాలని ఆంక్ష పెట్టడం చెల్లదని ఆస్తి బదిలీ చట్టం 11వ సెక్షను అంటుంది గాని, అమ్మేవారు తమ దగ్గర మిగిలిన స్థలాన్ని బాగా అనుభవించడానికి పెట్టే షరతుకు అదే సెక్షను మినహాయింపు ఇస్తుంది. కాబట్టి మొదటి ప్లాటు అమ్మిన నాటి నుంచి ప్రతి దస్తావేజులోనూ ఒకే మాటలతో ఒకే షరతు ఉండాలి. మూల మీది ప్లాటుకు మంచి ధర వస్తుందని దానికొక్కదానికి షరతు ఎత్తివేస్తే, మిగిలినవారి చూపుకు అడ్డం వచ్చేది సరిగ్గా ఆ ప్లాటే. బ్రోచరులో గుట్ట బొమ్మ వేసి నోటిమాటగా భరోసా ఇచ్చినవారిని, అదే మాట దస్తావేజులో రాయమని అడగండి.

పాత కాలనీలో అందరూ సంతకం పెట్టకపోతే?

పెట్టనివారి మీద ఒప్పందం పనిచేయదు. నలభై ఇళ్లలో ముప్ఫై ఐదు ఇళ్లవారు మెజారిటీతో తీర్మానించినా మిగిలిన ఐదుగురి ఆస్తి హక్కు తగ్గదు. సంఘాన్ని సొసైటీల రిజిస్ట్రేషను చట్టం కింద నమోదు చేయించినంత మాత్రాన కూడా సభ్యుల ప్లాట్ల మీద షరతు పడదు. ఆ నమోదు సంఘానికి ఉనికిని ఇస్తుంది, అంతే.

అయితే అందరి సంతకాలూ అవసరమా అన్నది ముందు చూసుకోవాలి. కాగితం మీద కాలనీ పటం పెట్టుకుని, ఎవరి మిద్దె నుంచి గుట్ట వైపు గీత గీస్తే ఎవరి ప్లాటు మీదుగా పోతుందో చూడండి. తరచూ పల్లంలో ఉన్న ఎనిమిది, పది ప్లాట్లే ముఖ్యమని తేలుతుంది. ఆ పదిమంది ఒప్పుకోవాలంటే వారికీ ఏదైనా దక్కాలి. మెరకన ఉన్నవారు చూపు దక్కించుకుని, పల్లంలో ఉన్నవారు ఒక అంతస్తు వదులుకోవడం న్యాయంగా కనబడదు. కొన్నిచోట్ల డబ్బు ఇస్తారు. కొన్నిచోట్ల మెరక ఇళ్ల వాననీటి కాలువను పల్లపు ఇళ్ల మీదికి వదలబోమని మెరకవారు అదే పత్రంలో రాసిస్తారు. నల్లగొండ గుట్ట వాలులో ఉండేవారికి రెండోది డబ్బు కన్నా విలువైనది.

సంతకాల విషయంలో జాగ్రత్త అవసరం. ఉమ్మడి ఆస్తి అయితే వాటాదారులందరూ పెట్టాలి. అమెరికాలో ఉన్న కొడుకు తరఫున తండ్రి పెడితే, ఆ జీపీఏలో (కొడుకు తరఫున వ్యవహరించడానికి ఇచ్చిన అధికార పత్రంలో) ఇటువంటి ఒప్పందానికి అధికారం ఉందో లేదో చదవాలి. మైనరు వాటా ఉంటే న్యాయస్థానం అనుమతి గురించి న్యాయవాదిని అడగాలి. ఇల్లు బ్యాంకు తాకట్టులో ఉంటే బ్యాంకు సమ్మతి పత్రం తీసుకోవాలి.

ఎత్తును ఎలా రాయాలి? రెండు అంతస్తులు అని రాస్తే చాలదా?

చాలదు. ఒప్పందాలు తరచూ చెడేది ఈ వాక్యం దగ్గరే. అంతస్తుకు పది అడుగులు పెట్టేవారు ఉన్నారు, పన్నెండు పెట్టేవారు ఉన్నారు. కింద కార్ల కోసం స్టిల్టు వదిలి, అది అంతస్తు కాదని వాదించేవారు ఉన్నారు. పైన మెట్ల గది కట్టి, దాని పక్కన ఒక గది, దాని ముందు రేకులు వేసి, అది పెంట్‌హౌసే తప్ప అంతస్తు కాదనేవారూ ఉన్నారు. కాబట్టి అంతస్తుల లెక్క వదిలిపెట్టి, కట్టడంలోని ఏ భాగమైనా చేరగల అత్యంత ఎత్తును మీటర్లలో రాయండి. పిట్టగోడ, మెట్ల గది, ట్యాంకు దిమ్మె, లిఫ్టు గది అన్నీ అందులోకి వస్తాయని విడిగా చెప్పండి.

ఆ మీటర్లు ఎక్కడ నుంచి కొలవాలన్నది ఇంకా ముఖ్యం. ఇంటి ముందు రోడ్డు నుంచి అని రాస్తారు. మన వీధుల్లో పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు పోస్తారు. పదేళ్లలో రోడ్డు మట్టం అడుగు పెరిగితే ఒప్పందంలోని ఎత్తూ అడుగు పెరుగుతుంది. బేస్‌మెంటు నుంచి అని రాస్తే, బేస్‌మెంటునే నాలుగడుగులు లేపుతారు. మన నేల ఇచ్చిన సౌకర్యం ఒకటి ఉంది: కాలనీలోనో పక్కనో కదలని నల్లరాతి బండ దొరుకుతుంది. దాని మీద గుర్తు చెక్కించి, సర్వేయరుతో ఆ గుర్తు నుంచి ప్రతి ప్లాటుకు పై హద్దు మట్టం కొలిపించి, ఆ పట్టికను, పటాన్ని దస్తావేజుకు జతచేయండి. ఏ మిద్దె మీద ఏ మూల నిలబడి చూస్తే ఏం కనబడుతోందో తేదీ వేసిన ఫొటోలు కూడా జతచేస్తే, రేపు న్యాయమూర్తికి కాలనీ అంటే ఏమిటో అర్థమవుతుంది.

ఎత్తుతో పాటు వెడల్పు మాటా ఆలోచించండి. అందరినీ ఒకే ఎత్తుకు కుదించే బదులు, ప్లాటులో ఒక పక్క కొన్ని అడుగుల మేర పై అంతస్తు లేకుండా వదిలితే చూపు దూరడానికి సందు దొరుకుతుంది, యజమానికి మూడో అంతస్తూ దక్కుతుంది. పట్టుదలలు పెరిగిన చోట ఈ మార్గం చాలా వరకు పనికివస్తుంది.

నీళ్ల ట్యాంకు నైరుతి మూలనే పెట్టాలంటారు. అది గుట్టకు అడ్డం వస్తే?

వాస్తుతో తగువు పెట్టుకోకండి. ట్యాంకు ఏ మూలన ఉండాలో ఒప్పందంలో రాస్తే సంతకాలు దొరకవు. మూలను యజమానికి వదిలి, దిమ్మెతో కలిపి ట్యాంకు ఎత్తును మాత్రం పై హద్దుకు లోబరచండి. పొడుగు ట్యాంకుకు బదులు వెడల్పు ట్యాంకు, లేదా రెండు చిన్న ట్యాంకులు పెట్టుకుంటే నైరుతీ చెడదు, చూపూ చెడదు. సౌర ఫలకాలకు కొంత మినహాయింపు ఇవ్వడమే మంచిది. సెల్ టవర్లు, ఫ్లెక్సీ హోర్డింగుల కోసం మిద్దె అద్దెకు ఇవ్వరాదని మాత్రం స్పష్టంగా రాయండి.

చెట్లు పెరిగి అడ్డం వస్తే నరికించవచ్చా?

పిల్లలమర్రికి 2018లో సెలైన్ సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్న పాలమూరులో ఈ ప్రశ్న రావడం కొంత ఇబ్బందిగానే ఉంటుంది. చట్టపరంగా చూసినా, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. ఒప్పందంలో ఉంది కదా అని గొడ్డలి పట్టలేరు. ఇప్పటికే ఉన్న వేప, కానుగ, చింత జోలికి పోకుండా, ఇకపై ప్రహరీ వెంబడి గోడలా నాటే పొడుగు చెట్లకే షరతు పరిమితం చేయండి. కొమ్మలు ఏ కాలంలో ఎవరి ఖర్చుతో సవరించాలో రాసుకుంటే చాలు. అడ్డంగా చెట్లు ఉండాలని కోరేవారికే ఆ ఖర్చు వేయడం నాకు న్యాయంగా తోస్తుంది.

ఎదురింటివారికి పురపాలక సంస్థ అనుమతి వచ్చింది. ఇక ఒప్పందం చెల్లదా?

చెల్లుతుంది. అవి రెండూ వేర్వేరు. 2020 నాటి టీఎస్ బీపాస్ (భవన అనుమతుల) చట్టం కింద 75 చదరపు గజాల లోపు ప్లాటులో 7 మీటర్ల ఎత్తు వరకు నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల వరకు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు వరకు స్వీయధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వస్తుంది. మీ కాలనీవాసుల మధ్య ఏ రాత ఉందో ఆ విధానం అడగదు, అడగవలసిన పనీ దానికి లేదు. ప్రభుత్వ నిబంధనలు ఇంత వరకు కట్టుకోవచ్చునని చెబుతాయి. అంతకన్నా తక్కువ కట్టుకుంటానని యజమాని పక్కింటివారికి మాట ఇవ్వడానికి అవి అడ్డురావు. అదే కారణం చేత, ఒప్పందం మీరారని పురపాలక కార్యాలయంలో ఫిర్యాదు ఇచ్చి ఎదురుచూడడం వల్ల కాలం వృథా అవుతుంది. వదలవలసిన సెట్‌బ్యాకు వదలకపోయినా, అనుమతికి మించి కట్టినా మాత్రం అక్కడే ఫిర్యాదు చేయాలి.

ఒప్పందం లేకుండానే కాపాడుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, ముందు వాటినే చూసుకోవాలి. లేఅవుటులో పార్కుకు వదిలిన స్థలాన్ని గిఫ్టు డీడు ద్వారా స్థానిక సంస్థకు అప్పగించారా లేదా అన్నది విచారించండి. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఆసుపత్రికి కేటాయించినప్పుడు అక్కడి నివాసులు న్యాయస్థానానికి వెళ్లారు. అలా మార్చడం చెల్లదనీ, అడిగే అర్హత నివాసులకు ఉందనీ సుప్రీంకోర్టు 1991లో తీర్పు ఇచ్చింది. వెంచరు రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం) కింద నమోదై ఉంటే, కొన్నవారిలో కనీసం మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోనిదే లేఅవుటును, ఉమ్మడి స్థలాలను మార్చడానికి వీల్లేదని 2016 నాటి ఆ చట్టం 14వ సెక్షను చెబుతుంది.

చెరువు వైపు ఉన్నవారికి మరో రక్షణ ఉంది. 2012 నాటి భవన నిర్మాణ నియమాల ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువులకు, కుంటలకు 9 మీటర్లు వదలాలి. ఉదయసముద్రం వంటి పెద్ద చెరువు ఒడ్డున 30 మీటర్ల ఖాళీ నిజంగా నిలిస్తే, ఎన్నో ఇళ్లకు నీళ్లు వాటంతట అవే కనబడతాయి. అలంపురం ఆలయాల వంటి కేంద్ర రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణ నిషేధం, దానికి ఆవల మరో 200 మీటర్ల వరకు నియంత్రణ ఉన్నాయి.

ఎవరైనా ఒప్పందం మీరి కట్టడం మొదలుపెడితే ఏం చేయాలి?

పిల్లర్లు లేచేటప్పుడే కదలాలి. స్లాబు పడి, గృహప్రవేశం భోజనం కూడా చేసి వచ్చాక దావా వేస్తే, ఇన్నాళ్లు చూస్తూ ఊరుకున్నారు కదా అని న్యాయస్థానం అడుగుతుంది; చూస్తూ ఊరుకున్నవారికి ఇంజంక్షను (పని ఆపమనే న్యాయస్థానం ఉత్తర్వు) నిరాకరించవచ్చునని 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టమే చెబుతుంది. మొదట మాటతో చెప్పండి, వారంలో ఫలితం లేకపోతే రిజిస్టరు పోస్టులో నోటీసు ఇవ్వండి, వెంటనే సివిల్ కోర్టులో ఇంజంక్షను కోరండి. నిషేధాత్మక ఒప్పందాన్ని మీరకుండా ఆపే అధికారం ఆ చట్టం 42వ సెక్షను న్యాయస్థానానికి ఇస్తుంది. దావా సంఘం పేరుతో మాత్రమే కాకుండా, చూపు పోతున్న ఇంటి యజమాని పేరుతో కూడా వేయండి, ఎందుకంటే హక్కు ప్లాటుది. దావాకు ముందే లోక్ అదాలత్‌కు వెళ్లే దారి కూడా ఉంది. అక్కడ కుదిరిన రాజీ డిక్రీతో సమానం.

నీళ్ల కనెక్షను కోయడం, గేటు దగ్గర ఇసుక లారీని అడ్డుకోవడం, బతుకమ్మకు పిలవకపోవడం వంటివి చేయకండి. మొదటి రెండింటితో కేసు మీ మీదికే తిరుగుతుంది. మూడోదానితో ఇరుగుపొరుగు పోతారు.

అదే పత్రంలో ఫలానా వారికి ఇళ్లు అమ్మరాదని, మాంసాహారులకు అద్దెకు ఇవ్వరాదని చేర్చవచ్చా?

చేర్చకండి. కులం, మతం చూసి అమ్మరాదనే షరతును ఇటువంటి పత్రంలో దూర్చడానికి ప్రయత్నించేవారు ఎక్కడైనా ఉంటారు. అమెరికాలో ఇళ్ల ఒప్పందాల్లో నల్లజాతివారికి అమ్మరాదని రాసుకునేవారు. 1948లో అక్కడి సుప్రీంకోర్టు అటువంటి షరతును న్యాయస్థానాలు అమలు చేయరాదని చెప్పింది. మన దగ్గర ఆస్తి అమ్ముకోనివ్వకుండా పూర్తిగా కట్టడి చేసే షరతు ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షను కింద చెల్లదు, అంటరానితనం ఆధారంగా చేసేది నేరం కూడా. కట్టడం ఎత్తు గురించిన పత్రం కట్టడం ఎత్తు దగ్గరే ఆగాలి.

దీనివల్ల మా ప్లాటు ధర తగ్గదా?

పల్లపు ప్లాటుకు కొంత తగ్గవచ్చు, మెరక ప్లాటుకు పెరగవచ్చు. నాలుగు అంతస్తులు కట్టి అద్దెలకు ఇవ్వాలనుకునేవారు ఈ కాలనీలో కొనరు. ఇద్దరు కొడుకులకు చెరొక అంతస్తు ఇవ్వాలనుకునే తండ్రి సంతకానికి ముందు బాగా ఆలోచించుకోవాలి, ఆయనను తొందరపెట్టడం తప్పు.

ఒప్పందం ఎంతకాలం ఉండాలి? తర్వాత మార్చుకోవచ్చా?

శాశ్వతం అని రాయడం కన్నా, ఇరవై లేదా ఇరవై ఐదేళ్ల గడువు పెట్టి, గడువు తీరేలోపు సంతకందారులు కలిసి పొడిగించుకోవచ్చునని రాయడం మేలు. సంతకాలు కూడా సులువుగా వస్తాయి. మధ్యలో మార్పు కావాలంటే ఎంతమంది ఒప్పుకోవాలో ముందే రాసుకోండి, అయితే ఎవరి చూపు పోతుందో ఆ ఇంటి యజమాని సమ్మతి లేకుండా ఆ ప్లాటు హద్దు మారదని ఒక వాక్యం తప్పక చేర్చండి. ఒప్పందం రిజిస్టరు అయి ఉంటే, మార్పు లేదా రద్దు పత్రాన్ని కూడా అదే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర, పాత దస్తావేజు నంబరు పేర్కొంటూ రిజిస్టరు చేయించాలి. లేకపోతే ఈసీలో పాత షరతు అలాగే కనబడుతూ, ఎప్పుడో ఇల్లు కొనవచ్చినవారిని వెనక్కి పంపుతూ ఉంటుంది.